చక్రాల మీది ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు తగిలించి చూడమని మాత్రం వారెవరూ అనలేదు. అట్లాంటి ఇల్లు అవసరమైనవాళ్లు బహుశా సామెతలు చెప్పే వర్గంలో లేకపోయి వుంటారు. గత వేసవిలో మా కళాశాల అధ్యాపకులం నలుగురం కలిసి ఒక పాత బస్సు కొని, దాన్ని ఇల్లుగా మార్చుకొని, దూర ప్రాంతాలకు పోదామని సంకల్పించాం. సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో పాత బస్సు బేరం ఎందుకని పాఠకులు అడగవచ్చు. కాస్త ఓపిక పడితే ఆ బేరమే మనల్ని యాత్రా సాహిత్యం నడిబొడ్డుకు తీసుకుపోతుందని నా నమ్మకం.

మా ఆలోచన ఇది. తెలుగు మాట్లాడేవాళ్లు రెండు రాష్ట్రాల సరిహద్దులతో ఆగిపోలేదు. ఒరిస్సాలో కొరాపుట్ వైపు, బస్తరులో, గోదావరికి ఆవలి సిరొంచలో, బళ్లారిలో, హోసూరులో తెలుగు ఇళ్లున్నాయి. వారి పలుకుబడి వినాలని, పాటలు రాసుకోవాలని కోరిక. ఇట్లాంటి పనికి పోయినవాళ్లకు తెలిసిన చిక్కు ఒకటుంది. పగలంతా పల్లె పొలంలోనో, అడవిలోనో, కూలిలోనో వుంటుంది. పల్లె నోరు విప్పేది పొద్దుగూకిన తరువాతనే. సరిగ్గా ఆ వేళకే మనం పట్నంలోని లాడ్జికి చేరాలని కడపటి బస్సు వెంట పరుగెత్తుతాం. పల్లెలో నిద్రచేయాలంటే ఎవరి వాకిటనో మంచం అడగాలి. ఉన్న ఒక్క మంచం అతిథికిచ్చి తాము నేల మీద పడుకునేవాళ్ల ఇంట్లో ఎన్నాళ్లు వుండగలం? అందుకని మన ఇల్లు మన వెంట తీసుకుపోదామనుకున్నాం.

విజయవాడ ఆటోనగర్ ఇట్లాంటి పనులకు పెట్టింది పేరు. ఒక ముసలి మేస్త్రిని వెంట పెట్టుకొని వారం రోజులు తిరిగాం. ఆ వారంలో నేను నేర్చుకున్న పాఠ్యవిమర్శ ఎమ్.ఏ. తరగతిలో నేర్చుకున్నదానికి తీసిపోదు. ఆయన బండి రంగు చూడడు. ముందు కిందకు దూరి ఛాసీ చూస్తాడు. చీలిక వచ్చి అతుకు వేసిన చోటు వేలితో తడిమి పట్టుకుంటాడు. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ వుందా, ముందు చక్రం పైకెత్తి కదిలిస్తే ఆట వుందా అని చూస్తాడు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయిస్తాడు. అక్కడ పొగ దట్టంగా ఎగదన్నితే పిస్టన్లు అరిగినట్టు లెక్క. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, కడపటి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని వుంటే 2019లో ఇరవైమూడో వారం అన్నమాట. తరువాత ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తాడు. ఆ అచ్చు ఆర్‌సీలోని నంబరుతో అంకె అంకెకూ సరిపోవాలి. ఫైనాన్సు బాకీ తీరినట్టు కాగితం వుండాలి. ఎఫ్‌సీ, పన్ను, బీమా గడువులు చూడాలి. "బండి అబద్ధం చెప్పదు మేష్టారూ. చెప్పేవాళ్లంతా బండి బయట నిలబడి వుంటారు" అని ఆయన సిద్ధాంతం.

ఒకచోట బండి చాలా నెమ్మదిగా, సంసారపక్షంగా మోగుతూ వుంది. మాకు ముచ్చట వేసింది. మేస్త్రి మాత్రం ఆయిలు కొలిచే కమ్మీ బయటికి లాగి, వేళ్ల మధ్య రుద్ది, తల అడ్డంగా ఊపాడు. మామూలు కంటె చిక్కటి నూనె పోసి ఇంజను రొద అణచిపెట్టారట. అది చూడగానే నాకు స్టైన్‌బెక్ గుర్తుకు వచ్చాడు.

1939లో వెలువడిన 'గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో ఒక అధ్యాయం మొత్తం పాత కార్లు అమ్మే దుకాణం మీదే వుంది. భూమి పోగొట్టుకొని కాలిఫోర్నియాకు పోవలసిన కౌలు రైతులు అక్కడికి వస్తారు. రొద చేసే గేర్లలో రంపపు పొట్టు నింపి, మంచి బ్యాటరీ తీసేసి చచ్చిన బ్యాటరీ పెట్టి వాళ్లకు బండ్లు అంటగడతారు. కొనేవాడి అవసరమే అమ్మేవాడి పెట్టుబడి. జోడ్ కుటుంబం తమ సామానంతా తెగనమ్మితే వచ్చింది 18 డాలర్లు. వాళ్లు కొన్న హడ్సన్ కారును వెనుక భాగం కోసి లారీగా మార్చుకుంటారు. ప్రవక్తలాంటి కేసీతో కలిపి 13 మంది దాని మీద ఎక్కుతారు. అదీ పాత బండిని ఇల్లుగా మార్చుకోవడమే. కాని వారిని ఎవరూ యాత్రికులనలేదు, 'ఓకీలు' అని ఈసడించారు.

అదే రచయిత 1960లో కొత్త లారీ ఒకటి చేయించుకున్నాడు. దాని వీపు మీద పడవ గదిలాంటి చిన్న ఇల్లు. డాన్ క్విక్సోట్ గుర్రం పేరు దానికి పెట్టి, చార్లీ అనే కుక్కను ఎక్కించుకొని తన దేశం చూడబోయాడు. ఆ యాత్రా గ్రంథం 1962లో వచ్చింది. నోబెల్ బహుమతి కూడా ఆ సంవత్సరమే. ఒకే చేయి రాసిన ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే విమర్శకుడికి ఒక విషయం స్పష్టమవుతుంది. మొదటి దాంట్లో ఇల్లు పోయింది కనుక బండి ఇల్లయింది. రెండవ దాంట్లో ఇల్లు భద్రంగా వుంది కనుక బండి ఇల్లయింది. తిరిగి రావడానికి ఒక గడప వున్నవాడి ప్రయాణం యాత్ర. అది లేనివాడి ప్రయాణం వలస. రోడ్డు ఒకటే కావచ్చు, బండి కూడా ఒకటే కావచ్చు.

ఇది పాత ముచ్చట కాదు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికాలో ఇల్లూ పింఛనూ చాలని వృద్ధులు పాత వ్యానుల్లో కాపురం పెట్టి, సరుకుల గిడ్డంగుల్లో, చెరకుదుంప పొలాల్లో రుతువును బట్టి కూలికి తిరిగిన సంగతిని జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' అనే పుస్తకంగా రాసింది. వారి పక్కనే, అదే మైదానంలో, విలాసం కోసం వచ్చిన బండి ఆగి వుండవచ్చు. చక్రాలను చూసి వర్గం చెప్పలేం.

ఇక మా బస్సు దగ్గరికి వద్దాం. కడకు పదకొండేళ్లు విద్యార్థులను మోసిన ఒక కళాశాల బస్సు మేస్త్రి పరీక్షలో నెగ్గింది. బాడీ కట్టే షెడ్డు యజమాని మాకొక నమూనా చూపించాడు. నాలుగు పడకలు, వంటగట్టు, నీళ్ల తొట్టి, మరుగుగది, పుస్తకాల అర. ముచ్చటగా వుంది. మా నలుగురిలో పెద్ద బండి నడిపే లైసెన్సు ఎవరికీ లేదు కనుక డ్రైవరును ముందే మాట్లాడుకున్నాం. నమూనా అంతా వెతికినా ఆయన పడక కనిపించలేదు. అడిగాను.

"డ్రైవరుదేముంది సార్! సీటు మీద వాలిపోతాడు, లేదా కింద పరుచుకుంటాడు. అన్ని బండ్లకూ ఇట్లాగే కడతాం" అన్నాడు యజమాని.

అతను దుర్మార్గుడు కాడు. ఆచారం చెప్పాడు. నాకు అప్పుడే ఏనుగుల వీరాస్వామి జ్ఞాపకం వచ్చాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఇంచుమించు నూరుమంది పరివారం, పల్లకీలు, డేరాలు, సామాను. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. తెలుగు వచనానికి అది పెన్నిధి. దారి పొడుగునా ధరలు, కులాలు, భాషలు, నీటి వసతులు ఆయన గమనించిన తీరు నేటి పరిశోధకుడికీ ఒరవడి. ఆ గౌరవాన్ని తగ్గించకుండానే ఒక మాట అనక తప్పదు. ఆ దారిని మనం వీరాస్వామి కళ్లతో చూస్తున్నాం గాని బోయీల భుజాలతో చూడడం లేదు. మన యాత్రా సాహిత్యంలో ఇల్లు మోసినవాడు చాలాకాలం దారిలో ఒక భాగంగానే వుండిపోయాడు, చెట్టులాగా, చెరువులాగా.

మా డ్రైవరుకు అరవై దగ్గర పడ్డాయి. నేను బాబాయ్ అంటాను. షెడ్డు బయట టీ తాగుతూ పడక సంగతి చెబితే నవ్వాడు.

"మీరు కొత్తగా కట్టుకుంటున్నారు గాని బాబూ, నా ఇల్లు ముప్ఫయ్యేళ్ల నుంచీ చక్రాల మీదే వుంది. సీటు వెనక బల్ల నా మంచం. టార్పాలిన్ నా కప్పు. బండి నీడన పొయ్యి. నా పిల్లలు పుట్టినప్పుడు రెండుసార్లూ ఒరిస్సా రోడ్డు మీదే వున్నాను. దాన్ని ఎవరూ యాత్ర అనలేదే!"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని అది సామాన్య నియమం పెట్టింది. రాత్రి రెండు గంటలకు జాతీయ రహదారి మీద నిలబడి చూసినవాళ్లకు ఆ నియమం ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. ఇంజను పక్కనే కూర్చునే మనిషికి చల్లగాలి అవసరమని నిబంధన కావడానికి 2025 అక్టోబరు 1 దాకా పట్టింది. అదీ ఆ తేదీ తరువాత తయారయ్యే లారీలకే.

చరిత్రలో ఇంతకంటె చేదు సంగతి మరొకటుంది. బండ్ల మీద, ఎద్దుల మీద ఇల్లు పెట్టుకొని బతికిన జనం ఈ నేల మీద వుండేవారు. బంజారాలు ఎద్దుల బిడారుల మీద ధాన్యం, ఉప్పు దేశమంతా చేరవేశారు. రైళ్లు వచ్చి ఆ వర్తకం పోయింది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసి, ఒకచోట నిలవని అనేక తెగలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా ఎరుకల వారిని కట్టిపడేసిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది. జనం మనసుల్లోంచి, పోలీసు ఠాణాల్లోంచి అంత తేలికగా పోలేదు. నేడు పర్యాటక శాఖలు చక్రాల ఇల్లు స్వేచ్ఛకు గుర్తని ప్రచారం చేస్తున్నాయి. పేదవాడి సంచారం నేరమైన దేశంలో, ఉన్నవాడి సంచారం సరుకయింది.

"అయితే కొనడమెందుకు? ఆర్టీసీ బస్సెక్కి పోవచ్చుగా?" అన్నాడు మా అర్థశాస్త్రం మిత్రుడు. అది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. కాని పనిముట్టును త్యజించడం వల్ల సంబంధాలు మారవు. బండి చెడ్డది కాదు, బండిలో ఎవరి చోటు ఎక్కడ అనేదే ప్రశ్న. వర్గ విశ్లేషణ తరగతి గదిలో చెప్పి, షెడ్డులో నమూనా కాగితం మీద మరచిపోతే ఆ చదువు దేనికి?

కాబట్టి నమూనా మార్పించాం. అందరి పడకలూ ఒకే కొలత. ఐదోది బాబాయిది, ఇంజను వేడి తగలని చోట, కిటికీ పక్కన. పుస్తకాల అర సగమయింది. భౌతికశాస్త్రం మిత్రుడు బరువులు లెక్క వేశాడు. మూడు వందల లీటర్ల నీళ్లంటే మూడు వందల కిలోలు. బ్యాటరీ ఒక్కొక్కటి ఆమ్లంతో కలిసి యాభై కిలోలకు తగ్గదు. అవన్నీ కప్పు మీద పెడితే ఘాట్ రోడ్డు మలుపులో బండి ఒరుగుతుంది, అందుకని కిందకు, ఇరుసుల మధ్యకు దించాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని యథేచ్ఛగా మార్చరాదు. అనుమతి కోసం కార్యాలయం చుట్టూ తిరిగాం. కాగితాలు చేతికి రావడానికి ఇల్లు కట్టినదాని కంటె ఎక్కువ రోజులు పట్టాయి. బాబాయి షరతులు కూడా కాగితం మీదకు ఎక్కాయి: నెల జీతం, బత్తా, రోజుకు ఎనిమిది గంటలు, రాత్రి పది దాటితే బండి కదలదు. ఈ కడపటి షరతుకు మొదట గొణిగినవాళ్లున్నారు. ఎనిమిది గంటల కోసం ప్రపంచ కార్మికులు చేసిన పోరాటాన్ని మే నెలలో స్మరించి, జూన్‌లో డ్రైవరును పన్నెండు గంటలు నడపమనడం ఎట్లా అని అడిగితే గొణుగుడు ఆగింది.

సిరొంచ మజిలీలో చీకటి పడ్డాక ఊరివాళ్లు వచ్చి బస్సు చుట్టూ కూర్చున్నారు. మా ప్రశ్నలకు పొడిపొడిగా జవాబు చెప్పినవాళ్లు, బాబాయి ఆ దారిలో తాను కలప లారీ నడిపిన రోజులు ఎత్తుకోగానే గలగలా మాట్లాడారు. అడవి కూలి రేట్లు, మొదటి లారీ వచ్చిన నాటి పాట, వరదకు పోయిన రేవు. నా పుస్తకంలో ఆ రాత్రి చేరిన మాటల్లో సగానికి పైగా ఆయన పుణ్యమే. వాటి ఎదుట ఆయన పేరే రాసుకున్నాను.

యాత్రా రచనను ఎట్లా తూచాలని విద్యార్థులు అడుగుతూ వుంటారు. వర్ణన, శైలి, సమాచారం చూడవలసినవే. వాటికి ముందు మరో ప్రశ్న వేయమంటాను. ఈ ప్రయాణంలో ఇల్లు ఎవరు మోశారు, వారు రాత్రి ఎక్కడ పడుకున్నారు? దానికి పుస్తకంలో జవాబు దొరికితే ఆ రచయిత లోకాన్ని చూశాడు. దొరకకపోతే, ఎన్ని వేల మైళ్లు తిరిగినా, తన కిటికీని మాత్రమే చూశాడు.