లీటరుకు ఎనిమిది రూపాయలు

మూడేళ్లపాటు నా కారుకు ప్రీమియం పెట్రోలే కొట్టించాను. 2021లో ఒకరోజు గుంటూరులో బంకు కుర్రాడు "మేడమ్, ప్రీమియం కొట్టమంటారా? ఇంజన్‌కి మంచిది, మైలేజీ కూడా పెరుగుద్ది" అన్నాడు. కొట్టమన్నాను. కారు కొని అప్పటికి రెండేళ్లు. వాయిదాలు ఇంకా కడుతున్నాను. అంత అప్పు చేసి కొన్న బండికి పెట్రోలు దగ్గర పిసినారితనం దేనికని అనిపించింది. లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారంటే దానికి తగ్గ బలం అందులో ఉండే ఉంటుందని నమ్మాను.

నా ఉద్యోగం విజయవాడలో. వారానికి మూడు రోజులు కారులో, మిగతా రోజులు బస్సులో వెళ్తాను. కారు నెలకు 900 కిలోమీటర్లు తిరుగుతుంది. 1.2 లీటర్ల ఇంజన్ ఉన్న మామూలు చిన్న కారు. ఇంటి ఖర్చులన్నీ పుస్తకంలో రాసే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. పాల లెక్క, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు అన్నీ అందులో ఉంటాయి. పెట్రోలు మాత్రం ఒకే అంకెగా రాసి వదిలేసేదాన్ని. ఆ అంకె వెనక ఏముందో ఎన్నడూ చూడలేదు.

ఓర్పు వేరు, బలం వేరు

2024 వేసవిలో సర్వీసు కోసం బెజవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. మైలేజీ ఎప్పటిలాగే 18 దగ్గరే ఉందని, ప్రీమియం కొట్టిస్తున్నా పెరగడం లేదని చెప్పాను. ఆయన డ్యాష్‌బోర్డు అరలోంచి కారు పుస్తకం తీయమన్నాడు. అందులో ఇంధనం పేజీలో '91 ఆక్టేన్ లేదా అంతకంటే ఎక్కువ' అని ఉంది. "చూశావా అమ్మా, ఈ ఇంజన్ అడిగింది 91. నువ్వు 95 పోస్తున్నావు. ఆ అంకె పెట్రోలు ఓర్పు చెబుతుంది గానీ బలం చెప్పదు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని గట్టిగా నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట వరుసగా వ్యాపించాలి. మంట తనదాకా రాకముందే ఓ మూల మిశ్రమం దానంతటదే భగ్గుమంటే ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. అలా ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంత ఒత్తిడిని, వేడిని ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ అంకె. ఐసో-ఆక్టేన్ అనే పదార్థానికి 100, హెప్టేన్‌కి సున్నా ఇచ్చి ఈ కొలత కట్టారు.

గట్టిగా నొక్కే ఇంజన్లకు, కొన్ని టర్బో ఇంజన్లకు ఆ ఓర్పు ఎక్కువ కావాలి. వాటి పుస్తకంలో 95 అని రాసి ఉంటే 95 కొట్టించాల్సిందే. అక్కడ పొదుపు చేయబోతే ఇంజన్‌కే చేటు. 91కి తయారైన ఇంజన్ మాత్రం 91తోనే తన పని తాను చేసుకుంటుంది. మిగులు ఓర్పును వాడుకునే ఏర్పాటు దాన్లో సాధారణంగా ఉండదు. ప్రీమియంలో ఇంజన్‌ను శుభ్రం చేసే రసాయనాలు కలుపుతామని కంపెనీలు చెబుతాయి. ఆ గుణం ఆక్టేన్‌ది కాదు. దానికి విలువ కట్టాలంటే విడిగా కట్టుకోవాలి.

పుస్తకంలో రాసిన లెక్క

బాబాయ్ మాట మీద గౌరవం ఉన్నా, నా డబ్బు సంగతి నేనే తేల్చుకోవాలనుకున్నాను. నాలుగు ట్యాంకులు ప్రీమియం, నాలుగు ట్యాంకులు మామూలు పెట్రోలు కొట్టించాను. ప్రతిసారీ అదే బంకు, పైపు దానంతటదే ఆగేవరకే నింపడం, అదే గుంటూరు-విజయవాడ రోడ్డు. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాను. ప్రీమియంతో సగటున 18.1 వచ్చింది. మామూలు పెట్రోలుతో 18.0.

అప్పుడు మామూలు పెట్రోలు లీటరు 109 రూపాయలు, ప్రీమియం 117. కిలోమీటరుకు మామూలు పెట్రోలు 6 రూపాయల 6 పైసలు పడింది, ప్రీమియం 6 రూపాయల 46 పైసలు. తేడా 40 పైసలు. నెలకు 360 రూపాయలు, ఏడాదికి 4,320. ఆ లెక్కన మూడేళ్లకు దాదాపు 13 వేలు. మా కారు ఏడాది ఇన్సూరెన్సు కంటే అది ఎక్కువ.

లెక్కను ఇంకోవైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. 117ని 109తో భాగిస్తే 1.073. అంటే ప్రీమియం తన ఖర్చు తాను రాబట్టుకోవాలంటే నా మైలేజీ 18 నుంచి 19.3కి పెరగాలి. పెరిగింది 0.1. ఆ చిన్న తేడా ఒక రోజు ట్రాఫిక్‌లో కూడా వచ్చేస్తుంది. ఈ ఒక్క భాగహారం నేను 2021లోనే చేసి ఉంటే, మైలేజీ ఎంత పెరగాలో ముందే తెలిసేది. రెండు ట్యాంకుల్లోనే నిజం బయటపడేది.

డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలికి ఈ సంగతి చెబితే, "నేనూ అదే చేస్తున్నానక్కా" అంది. అక్కడి బంకుల్లో 87, 89, 93 అని ఉంటాయి. మన దగ్గర 91 కదా, 87 అంటే మరీ తక్కువ రకమేమోనని మామూలు కారుకి 93 కొట్టిస్తోంది. నిజానికి అక్కడి కొలత వేరు. మనం చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ అంకె. అక్కడ దాన్నీ, మోటార్ ఆక్టేన్ అంకెనూ కలిపి సగటు తీస్తారు. అక్కడి 87 సుమారుగా మన 91తో సమానం. అవసరం లేని కార్లలో ప్రీమియం పోయించి అమెరికన్లు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో లెక్కగట్టింది.

ఆక్టేన్ పెరిగింది, మైలేజీ తగ్గింది

తర్వాత 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ ఆక్టేన్ అంకె 100 దాటి ఉంటుంది. అందుకే కలిపిన పెట్రోలు ఆక్టేన్ కూడా పెరిగింది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. పాత తరహా కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. నా కారు 18 నుంచి 17.4కి దిగింది. ఆక్టేన్ పెరిగితే మైలేజీ పెరగాలని లేదనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ తగ్గుదలను పూడ్చుకోవడానికి ఈసారి బంకు వైపు చూడలేదు. టైర్లలో గాలి చూపిస్తే 26 ఉంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద 33 అని ఉంది. 33 పట్టించాను. ఇప్పుడు పదిహేను రోజులకోసారి చూపిస్తున్నాను. మంగళగిరి దాటాక వంద మీద వెళ్లే అలవాటు మాని ఎనభై దగ్గర నిలకడగా నడుపుతున్నాను. ఇంటికి చేరడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వారధి మీద బండ్లు కదలకుండా ఆగిపోతే ఇంజన్ ఆపేస్తున్నాను. డిక్కీలో నెలల తరబడి మోస్తున్న పుస్తకాల పెట్టెలు దింపేశాను. రెండు నెలల్లో మైలేజీ 18.6కి వచ్చింది. ఖర్చు, గాలి కొట్టిన కుర్రాడికిచ్చిన పది రూపాయలు.

ప్రీమియం మానేశాక నెలనెలా మిగులుతున్న 360కి మరో 140 కలిపి నెలకు 500 రూపాయల రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను. కారుకి టైర్లు మార్చాల్సిన రోజున ఆ డబ్బు అక్కరకొస్తుంది.

చెప్పొచ్చేదేమంటే, ఈసారి పెట్రోలు కొట్టించే ముందు మీ కారు పుస్తకం తీసి ఇంధనం పేజీ చూడండి. 95 అని ఉంటే 95 కొట్టించండి, వెనకాడకండి. 91 అని ఉంటే మామూలు పెట్రోలు చాలు. ఆ మిగిలే డబ్బు మీ కష్టార్జితం, అది మీ ఇంట్లోనే ఉండనివ్వండి.