పాలకాయతిప్ప పూలు, పురుగులు

దివిసీమలో కొండలు లేవు. ఇసుక కొంచెము మేటవేసి యెత్తయిన చోటునకే అచ్చటివారు తిప్ప యని పేరిడుకొందురు. కృష్ణవేణి సముద్రమున గలియు తావునకు సమీపమున, హంసలదీవి కావల నున్న పాలకాయతిప్ప యట్టిదే. కాకి రూపమున వచ్చిన గంగ స్నానమాడి హంసయైన చోటు హంసలదీవి యని పెద్దలు చెప్పుదురు. కార్తీకమున వేణుగోపాలస్వామిని సేవించి సముద్రస్నానము చేయుటకే మేమును బయలుదేఱితిమి. తెచ్చుకొన్న పుణ్య మెంతయో యెఱుగము. తెచ్చుకొన్న ఛాయాచిత్రములు మాత్రము నూటికి పైబడినవి.

మచిలీపట్టణమునుండి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. వెంట మా వదినగారును, పదేండ్ల మేనకోడలును ఉండిరి. తెల్లవాఱకమునుపే కదలుట మంచిదయ్యెను. ఏలయన ఇసుకపై ప్రాకు బాలబంది తీగ పూలు ఉదయమున విచ్చి, ఎండ ముదిరినకొలది ముడుచుకొనును. మేము చేరునప్పటికి తీరమంతయు ఊదావన్నె గరాటాలు పఱచినట్లుండెను. ఆకు మేకడెక్క వలె నడుమ చీలియుండును. దాని ప్రక్కనే రావణాసురుని మీసములను ముండ్ల గడ్డి. దాని కాయగుత్తి బంతివలె గుండ్రనై, గాలి వీచగనే ముండ్లమొనలపై దొర్లిపోవును. మా పిల్ల దానివెంట పరుగెత్తి పరుగెత్తి అలసినది. ఈ రెండును లేనిచో ఇసుక గాలికి నిలువదు.

పురుగులను చిత్రించుట పూలను చిత్రించుట వంటిది కాదు. మన నీడ పడినను పాఱిపోవును. కాని చలిపొద్దున సీతాకోకచిలుక ఱెక్కలు వెచ్చబడువఱకు ఎగురజాలదు. అది మాకు కలిసివచ్చెను. జిల్లేడుచెట్టుపై నారింజవన్నెది, ఱెక్కల కొనలయందు నలుపుపై తెల్లచుక్కలు గలది యొకటి వాలియుండెను. మేము మోకాళ్లపై నిలిచి ఊపిరి బిగబట్టి సెల్‌ఫోనుతో దానిని పట్టితిమి. దాని పిల్లపురుగులు జిల్లేటియాకులు తిని పెరుగును. ఆ పాలలోని విషము వాని యొంట చేరుటచే పక్షులు వానిని రుచిచూచి విడిచిపెట్టును. జిల్లేటిపూవుల కడకు నల్లతుమ్మెదయు వచ్చుచుండెను. జిల్లేటి పుప్పొడి పొడిగా రాలక చిన్న తిత్తులుగా నుండి తుమ్మెద కాళ్లకు తగులుకొని మఱియొక పూవు చేరును. పూజకు కోయు పూవులో ఇంత యేర్పాటున్నదని మే మిదివఱకు తలపనేలేదు.

ఆకసమున పసుపువన్నె తూనీగలు గుంపులై తిరుగుచుండెను. ఆండర్సను అను జీవశాస్త్రజ్ఞుడు మాల్దీవులలో ఈ జాతి తూనీగల రాకపోకలను పరిశీలించి, అవి భారతదేశమునుండి గాలివాటున హిందూమహాసముద్రము దాటి ఆఫ్రికాకు పోవుచుండునని 2009లో ప్రతిపాదించెను. ఈ మాట చెప్పగా వదినగారు నమ్మలేదు. "ఏటి కాలువ దాటుటకు మనకు పడవ కావలె, దీనికి సముద్రమా!" యనిరి.

అచటినుండి మడచెట్ల వైపు నడచితిమి. గేదెలు మేయు గడ్డిబీడు నడుమ దారి. మడవ్రేళ్లు బురదనుండి పెన్సిళ్లవలె పైకి పొడుచుకొని వచ్చి గాలి పీల్చును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొన్నది. అలల ఉరవడిని కొంతవఱకు ఆపునవి యీ చెట్లే. ఎండుచేపలు తిరుగవేయుచున్న యొక ముదుసలి, "ఆ రాత్రి చెట్టు పట్టుకొన్నవాళ్లమే మిగిలినామమ్మా" యని చెప్పి, మఱల పనిలో పడినది. మేము చాలసేపు మాటలాడలేకపోతిమి.

నీడన కూర్చుండి చిత్రములు చూచుకొనుచుండగా మేనకోడలు, "అత్తా, ఈ గడ్డిపూవు కొసన ఏదో చేతులు చాచి నిలుచున్నది" అనెను. చిత్రమును పెద్దదిచేసి చూచితిమి. అది పిడుదు! పశువు నూర్పును, వేడిమిని పసిగట్టి, గడ్డికొసన ముందుకాళ్లు చాచి అది కాచుకొనియుండును. మాకు గుండె జల్లుమన్నది. వెంటనే పిల్లను వెదకగా చెవివెనుక మినపగింజంత పిడుదు కఱచిపట్టియున్నది. నొప్పి యేమియు లేదట. దాని యెంగిలిలో తిమ్మిరి కలిగించు గుణ మున్నది.

వదినగారు కంగారుపడి, "అమ్మాయీ, కిరసనాయిలు పోయుదమా, అగరువత్తి చుఱుక్కు మనిపించుదమా?" యనిరి. వలదంటిమి. అట్లు చేసిన అది తన యెంగిలిని గాయములోనికి మఱింత విడువవచ్చును. ముల్లు తీయు శ్రావణము మా సంచిలో నుండుట అదృష్టము. చర్మమున కానించి పట్టి, మెలిపెట్టక, నలుపక, నిదానముగా నిటారుగ లాగితిమి. తలతో సహా వచ్చినది. సబ్బునీటితో కడిగి, తేదీ వ్రాసికొంటిమి. ప్రతి పిడుదును రోగము తేదు. కాని 1957లో మైసూరు రాష్ట్రమున క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుచుండగా కనుగొన్న జ్వరము పిడుదులవలననే వ్యాపించునది. అందుచే కొన్నివారముల లోపల జ్వరము గాని, దద్దురు గాని వచ్చినచో వైద్యునికి పిడుదు కఱచిన సంగతి తప్పక చెప్పవలెనని నిశ్చయించుకొంటిమి.

ఇల్లు చేరగానే బట్టలు వేడినీట వేసి, చంకలు, మోకాటివెనుకలు, తలలు వెదకుకొంటిమి. వదినగారి చీరకుచ్చెళ్లలో ఇంకొకటి దొరకినది. నెల గడచినను పిల్లకు జ్వరము రాలేదు. మేము సీతాకోకచిలుక చిత్రమును గోడకు తగిలింతమనుకొంటిమి. మేనకోడలు వినక పిడుదు చిత్రమునే అచ్చువేయించుకొని తన బల్లపై అంటించుకొన్నది.