ఒకే వాకిలి, వేరు పొయ్యిలు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సాగే దారిలోని పాత ఊళ్లలో నేటికీ మట్టి మిద్దెలు కనిపిస్తాయి. నల్లబండలు పరచిన వసారా, దాని వెనుక వరుసగా గదులు. కుమారునికి పెళ్లయితే మరో గది, కొన్నాళ్లకు మరో పొయ్యి చేరేవి. వాకిలి మాత్రం ఒక్కటే.

వానలు చాలని ఈ సీమ నుండి, ముఖ్యంగా పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, ఎందరో డ్రైవర్లుగా, ఇంటి పనివారుగా కువైట్‌కు వెళ్లారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. ఇంట మిగిలేది దాదా, దాదీ, కోడలు, పిల్లలు. తల్లి కూడా వెళ్లిన ఇళ్లలో మనుమలకు దాదీయే దిక్కు.

కలిసి ఉండాలా, వేరుపడాలా అన్న తర్జనభర్జన ఈ ఇళ్లలో తరచూ సాగుతుంది. కలిసి భుజించినా, విడివిడిగా భుజించినా దోషం లేదని దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 61వ ఆయత్ తెలుపుతుంది. అదే సూరా 58వ ఆయత్ దంపతుల ఏకాంతాన్ని కాపాడుతూ, మూడు వేళల్లో పిల్లలు సైతం అనుమతి అడిగి లోనికి రావాలంటుంది. కనుక వేరు గది, వేరు పొయ్యి కోరిన కోడలిని నిందించరాదు.

బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్ వృద్ధులైన తల్లిదండ్రుల పట్ల విసుగు మాట కూడా కూడదంటుంది. ఆ ఆదేశం కన్నబిడ్డలకు. ఆ బాధ్యతనంతా కోడలిపై మోపి విమానమెక్కడం న్యాయం కాదు. పెద్దలను వైద్యశాలకు ఎవరు తీసుకువెళ్లాలి, రాత్రివేళ ఎవరు తోడుండాలి అన్నది కుమారులు, కుమార్తెలు ప్రయాణానికి ముందే కూర్చుని పంచుకోవాలి.