పక్కింటి మామ్మగారి జర్మన్ లోటా

హామిల్టన్ చూడ్డానికి వచ్చిన మనవాళ్ళని ముందుగా గార్డెన్స్‌కే తీసుకెళ్తాం. అక్కడి చార్‌బాగ్ ముందు ఫోటోలు, వైకాటో నది ఒడ్డున పులిహోర పొట్లాలు... దాంతో ఊరు చూసేసినట్టే! ఈసారి మాత్రం మా వంటింటి అలమరలోని ఒక వస్తువు గురించి చెబుతాను.

హామిల్టన్ ఈస్ట్‌లో మా పక్కింటి పెద్దావిడని పిల్లలు మామ్మగారనే పిలిచేవారు. ఆవిడ పోయాక కూతురు ఒక పెట్టె తెచ్చి, "ఇది మీకివ్వమని అమ్మ రాసిపెట్టింది" అంది. విప్పితే, మూతా పిడీ ఉన్న మట్టి బీరు మగ్గు! స్టైన్ అంటారట. మా ఇంట్లో బీరు వాసన కూడా ఎవరికీ తెలీదు. "1863లో మా పెద్దవాళ్ళు బొహీమియా నుంచి ఓడలో తెచ్చుకున్నది" అని ఆ అమ్మాయి గర్వంగా చెప్పింది. కథ నమ్మేలాగే ఉంది. ఆక్లండ్‌కి ఉత్తరాన ఉన్న పుహోయి, సరిగ్గా ఆ ఏడాది పిల్సెన్ దగ్గరి పల్లెల నుంచి వచ్చిన జర్మన్ భాషవాళ్ళు కట్టుకున్న ఊరే.

మూత నల్లబడి ఉంటే చింతపండు పెట్టి తోమేద్దామనుకున్నాను. మంచిపనే అయింది, ముందు ఊళ్ళోని ఒక పాతసామాన్ల కొట్టాయనకి చూపించాను. "తోమారా, సగం విలువ పోయినట్టే" అన్నాడు. ఆ మూత తగరం కలిసిన ప్యూటర్. పాతవాటిలో సీసం కూడా ఉండొచ్చు కాబట్టి మజ్జిగ తాగే సరదా కూడా మానుకోమన్నాడు!

మనం కుండ కొనేటప్పుడు చేసినట్టే ఆయనా వేలితో కొట్టి విన్నాడు. మోత బొంగురుగా వచ్చింది, ఎక్కడో సన్నని బీట ఉందన్నమాట. తర్వాత అంచు కింద గీత, దాని పక్కన "0.5 లీ." అన్న గుర్తు చూపించాడు. జర్మనీలో మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయింది 1872లో. గిన్నెమీద కొలత గీత ఉండాలన్న చట్టం అమల్లోకొచ్చింది 1884లో. ఇక అడుగున ఇంగ్లీషులో "జర్మనీ" అని ఉంది. విదేశీ సరుకుమీద దేశం పేరు ఉండాలని 1887లో బ్రిటన్, 1890లో అమెరికా చట్టాలు చేశాకే అలాంటి ముద్రలు మామూలయ్యాయి. పైగా బొహీమియా అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలోది కదా!

అంటే 1863 ఓడలో ఇది రాలేదు.

మెట్లాఖ్‌లో విలెరాయ్ అండ్ బాఖ్ వాళ్ళు చేసినదైతే అడుగున వాళ్ళ ముద్రా, అచ్చొత్తిన నెంబరూ ఉండేవి, మంచి ధరా పలికేది. మాది అచ్చులో పోసిన మామూలు రకం, బీట ఉంది కాబట్టి వంద డాలర్లలోపే అన్నాడు. డబ్బు సంగతి నాకేం బాధనిపించలేదు గానీ, ఆ అమ్మాయికి చెప్పాలా వద్దా అని రెండు వారాలు నలిగిపోయాను. మా అమ్మమ్మ మరచెంబు కాశీనుంచి వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటాం. అదెవరైనా కాదంటే నాకెలా ఉంటుంది?

చివరికి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో కనుక్కోవాలి. పుహోయి మ్యూజియంకి వెళ్దాం, వస్తారా? ఆ మగ్గు కూడా తీసుకురండి" అంది.

వచ్చే శనివారం ప్రయాణం. ఈసారీ పులిహోరే కడుతున్నాను.