మన ఊళ్ళ నుంచి సముద్రానికి

పిల్లలూ! హిందూపురంలో రైలెక్కి ధర్మవరం దాకా కిటికీలోంచి చూడండి. 1565 తరవాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ దారిలోనే వస్తుంది. మిగతాదంతా బోడి గుట్టలు, వేరుసెనగ చేలు, ఎండిన వంకలు. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే.

ఆ రైల్లోనే మా మనవడు ఒక వీడియో ఆట నా చేతికిచ్చాడు. పేరు ఆబ్జూ, 2016లో వచ్చింది. అందులో మనం సముద్రగర్భంలో ఈదుతాం. ఊపిరి అయిపోతుందన్న భయం లేదు. ఒక రాతిబొమ్మ మీద కూర్చుని చేపల గుంపులను ఎంతసేపైనా చూడవచ్చు. మనసు చల్లబడుతుంది.

నిజం సముద్రం అంత తేలిక కాదు సుమా! ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీద ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. 200 మీటర్లు దాటితే వెలుతురు చాలా తక్కువ.

మన కరువుసీమకు సముద్రంతో ఏమి పని అంటారా? నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీదనుంచి వచ్చి, పడమటి కనుమల మీద చాలావరకు కురిసేస్తాయి. మనకు మిగిలేది కాస్తే. ఆ కాస్త నీరూ ఊరకే పోదు. ధర్మవరం వైపు పారే చిత్రావతి పెన్నలో కలుస్తుంది. హిందూపురం ప్రాంతంలో పారే పెన్న, నెల్లూరు దాటి బంగాళాఖాతం చేరుతుంది.

మీరు వంకలో పారేసిన ప్లాస్టిక్ సంచి కూడా వరదలో ఆ దారినే పోవచ్చు. తాబేలు దాన్ని తిండి అనుకుని మింగవచ్చు. ఆటలోని సముద్రాన్ని మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు. నిజం సముద్రానికి ఆ వీలు లేదు. కనుక ఎండిన వంకనైనా శుభ్రంగా ఉంచండి. అది సముద్రానికి మన వాకిలి.