చేపలమ్మే ఆవిడా మదామే!

తాడేపల్లిగూడెం నిట్‌లో చదువు ముగించి పైచదువులకు ఫ్రాన్స్ బయల్దేరే అమ్మాయికి అక్కడ మొదట నేర్చుకోవాల్సిన మాట 'బోంజూర్ మదామ్'. బేకరీలో రొట్టె కొనాలన్నా ముందు ఆ పలకరింపు ఉండాల్సిందే. నేరుగా 'ఒక రొట్టె ఇవ్వండి' అంటే మొహం ముడుచుకుంటారు. మన 'నువ్వు', 'మీరు'లాగే వాళ్లకు 'త్యు', 'వూ' ఉన్నాయి. కొత్తవాళ్లెవరైనా 'వూ'నే. మనం పేరు పక్కన 'గారు' తగిలిస్తేనే గౌరవం అనుకుంటాం. అక్కడ పేరు చేర్చకుండా ఉత్త 'మదామ్' అంటేనే ఎక్కువ మర్యాద.

ఫ్రెంచ్ మనకు మరీ పరాయిదేం కాదు లెండి. కాకినాడ పక్కనున్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనే ఉంది.

చిక్కల్లా 'మద్‌మ్వాజెల్' దగ్గర. పెళ్లికాని అమ్మాయిని అలా పిలిచేవారు. పెళ్లయితే మదామ్. ఎదురుగా ఉన్నావిడకు పెళ్లయిందో లేదో ఎలా తెలుస్తుంది? తాళి, మెట్టెలు ఉండవు కదా! మగవాళ్లకు ఈ గొడవే లేదు. పెళ్లికి ముందూ తర్వాతా 'మొస్యే'యే. మహిళా సంఘాలు ఇదేం న్యాయమని అడిగాయి. 2012 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఫారాల్లోంచి ఆ మాట తీసేయమని ప్రధానమంత్రి కార్యాలయం ఆదేశించింది. మాటల్లో మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అనుమానం వస్తే 'మదామ్' అనేస్తే పోతుంది.

మన దగ్గర లెక్క ఇంత తేలిక కాదు. గోదావరి జిల్లాల మర్యాద పేరు మోసింది. మాటకు ముందు 'ఆయ్', మాట చివర 'అండీ'. కానీ ఆ 'అండీ' ఎవరికి? వయసు, కులం, కట్టుకున్న చీర, చేస్తున్న ఉద్యోగం... అన్నీ కళ్లతోనే బేరీజు వేశాక గానీ నోరు పెగలదు. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నావిడ 'మేడమ్'. అదే బ్యాంకు ఊడ్చే ఆవిడ 'నువ్వు'. ఈ మేడమ్ కూడా ఆ మదామ్ నుంచి ఇంగ్లిష్ మీదుగా వచ్చిందే. దారిలో సగం మందిని వదిలేసింది.

కొల్లేటి లంకల నుంచి ఏలూరు వీధుల్లోకి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే అరవై ఏళ్ల ఆవిడ 'కొరమీనండీ అమ్మగారూ' అంటుంది. లోపల్నుంచి పాతికేళ్ల కోడలు 'ఏమ్మా, ఎంతకిస్తావ్?' అంటుంది. ఆ కోడలు చెడ్డదేం కాదు. పక్కింటి పిన్నిగారి దగ్గర తలెత్తి మాట్లాడదు. వ్యాకరణం కూడా దీనికి తోడైంది. 'బస్సు వచ్చింది', 'పనమ్మాయి వచ్చింది', 'డాక్టరమ్మగారు వచ్చారు'. అదే ఆ పనమ్మాయి తమ్ముడైతే 'వచ్చాడు' అంటారు, బస్సుతో కలపరు!

మార్సెయ్ పాత రేవులో చేపలు అమ్మే ఆవిడను 'మదామ్' అని పిలిచి, 'వూ' అనే ధర అడుగుతారు. సెలవులకు ఏలూరు వచ్చిన అమ్మాయి అలవాటు కొద్దీ కొల్లేటి ఆవిడను 'మీరు ఎంతకిస్తారండీ?' అని అడిగితే మొదట కంగారుపడేది ఆవిడే. ఎవరితో అంటున్నారోనని వెనక్కి తిరిగి చూస్తుంది. తర్వాత బుట్ట దించి, అడక్కుండానే చేప శుభ్రం చేసిస్తుంది. ధర దగ్గర మాత్రం ఒక్క రూపాయి తగ్గదు.