వి.బి.ఎస్. నెల

అమరావతి, 2025

ఏప్రిల్ 27, ఆదివారం
మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. తాలు కాయలు కూడా ఏరేశారు. ఇక మందిరంలో మిరప కోరుకి దగ్గేవాళ్లు తగ్గుతారు. వచ్చే నెల వి.బి.ఎస్., అంటే పిల్లల వేసవి బైబిలు బడి; ఈసారి పెద్దలు కూడా రావాలని పాస్టరు అయ్యగారు ప్రకటన చదివారు. ముందు వరుసలో ఒక్కరూ తల ఎత్తలేదు.

మే 2
ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్లీ మొదలుపెట్టి వెళ్లారు. సాయంత్రం ప్రార్థన అయ్యాక అరుగు మీద మాటలన్నీ ప్లాట్ల గురించే. పిల్లలు మాత్రం రేవులో ఈతకి పోయారు.

మే 5
వి.బి.ఎస్.లో యాక్షన్ సాంగు. పిల్లలు గెంతుతుంటే మామ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు చేతులు పైకి లేవలేదు.

మే 6
పిల్లల్లా మారమనే మాట రాగానే ప్రసంగాల్లో అమాయకత్వం గురించి చెబుతారు. వాళ్లెప్పుడూ పిల్లల్ని పెంచలేదా? అప్పడం ముక్క కోసం జుట్లు పట్టుకునేది ఎవరు? మత్తయి 18లో శిష్యులు అడిగింది ఎవరు గొప్ప అని. అప్పుడు యేసు ఒక పిల్లవాణ్ణి పిలిచి మధ్యలో నిలబెట్టాడు. ఆ కాలపు సభల్లో ఏ హోదా లేనివాణ్ణి.

మే 8
అయితే మా సంఘం పెద్దల గాంభీర్యాన్ని వెటకారం చేసేవాళ్లంటే నాకు పడదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని గుత్తకి తీసుకుని కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. కామందు ఇంటి పసివాడు కూడా ముసలాణ్ణి 'ఒరే' అని పిలిచే రోజులవి. అలాంటి ఊళ్లో తెల్లబట్ట కట్టి, చంకన పుస్తకం పెట్టుకుని, నిటారుగా నడవడమే వాళ్లకు పండగ. ముత్తాతలు అంత కష్టపడి తెచ్చుకున్న 'గారు'ని వదిలేసి గెంతమంటే ఎట్లా?

ఆ రాత్రే
తండ్రి ఇంట్లో చిన్నవాడుగా ఉండటం వేరు, కామందు వాకిట్లో చిన్నవాడుగా ఉండటం వేరు. మొదటిచోట అల్లరి చేసినా ఎవరూ వెళ్లగొట్టరు. ఇంతకాలం మేం ఆ ఇంట్లో కూడా చేతులు కట్టుకునే నిలబడుతున్నామేమో.

మే 9
కవి జాషువా వినుకొండలో పుట్టి ఆ కులం అవమానాలన్నీ పడ్డవాడు. 1941లో 'గబ్బిలం' రాసిన ఆ చెయ్యే 'శిశువు' పద్యాలూ రాసింది. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. నాకు మాత్రం 'శిశువు' చాలు. పసివాడి ముందు కూర్చుని అంత తీరిగ్గా ఆశ్చర్యపోయే ఓపిక, ఆ బతుకులో!

మే 12
నరసరావుపేట బస్సు ఫిరంగిపురంలో ఆగింది. బాలయేసు కెథడ్రల్. మాది బాప్టిస్టు సంఘం, ప్రతిమల జోలికి పోము. అయినా కిటికీలోంచి తొంగి చూశాను.

మే 14
దావీదు దేవుని మందసం ముందు గెంతుతుంటే భార్య మీకాలు కిటికీలోంచి చూసి అసహ్యించుకుంది. మా మందిరానికీ కిటికీలు ఎక్కువే.

మే 16
ఆఖరి రోజు కుర్చీలాట. చివరికి సంఘపెద్ద తాతగారూ రెండో తరగతి పిల్లా మిగిలారు. పాట ఆగింది. ఇద్దరూ ఒకేసారి కూలబడ్డారు, కుర్చీ కాలు విరిగింది. 'తాతా, తొండి!' అంది పిల్ల. తాతగారు ఒప్పుకోలేదు. పంచె దులుపుకుంటూ, తానే ముందు కూర్చున్నానని అయ్యగారి దగ్గర పంచాయితీ పెట్టారు.